ఒత్తులు కనపడని పిల్ల

కళ్ళజోడుకి ప్రోగ్రెసివ్ అద్దాలు పెట్టించుకున్నాను. ఇన్నాళ్ళూ నాకు చత్వారం రాలేదని పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో గొప్పలు పోయినదాన్నే. నిజానికి అది ఎప్పుడో వచ్చే ఉంటుంది. చిన్నప్పటి నుంచీ మైనస్ పవర్, అంటే దూరం ఆనని చూపు, ఉన్నవాళ్ళకి ఒక వెసులుబాటు ఉంది. దగ్గరిది చదవాలంటే జోడు తీసేస్తే చాలు. నేనూ అదే చేస్తూ వచ్చాను. బ్యాంకులో కౌంటర్ అవతల మనిషిని చూడటానికి జోడు పెట్టడం, వోచర్ మీద సంతకం చూడటానికి తీయడం, స్క్రీన్ కోసం మళ్ళీ పెట్టడం. ఒకరోజు పెన్షన్ డబ్బులకి వచ్చిన పెద్దాయన చాలాసేపు నన్నే చూసి, "ఏమ్మా, తలనొప్పా? కాసేపు ఆగు, నాకేం తొందర లేదు" అన్నారు. ఆ సాయంత్రమే మా బెజవాడ గవర్నర్‌పేటలో కళ్ళు చూపించుకున్నాను.

షాపులో అబ్బాయి ఓపిగ్గా చెప్పాడు. అద్దం పైభాగం దూరానికి, అడుగుభాగం దగ్గరికి, మధ్యలో సన్నటి దారి కంప్యూటర్‌కి. ఈ భాగాల మధ్య గీత కనపడదు. రెండు పక్కలా కొంచెం మసక ఉంటుంది, కాబట్టి పక్కకి చూడాలంటే కళ్ళు కాదు, తల తిప్పాలి. "అలవాటైపోతుంది మేడమ్" అని ముగించాడు. ఈ మాట అనని కళ్ళజోళ్ళ షాపు ఎక్కడైనా ఉంటే చెప్పండి, అక్కడే కొనుక్కుంటాను. జోడు పెట్టుకుని బయటికి రాగానే పక్కనుంచి పోతున్న ఆటో మధ్యలో వంపు తిరిగింది. కిందకి చూస్తే నా చెప్పులు మసక, వాటి చుట్టూ ఉన్న రోడ్డు కొద్దిగా ఊగుతోంది.

ఈ ఊగడం నాకు కొత్త కాదు. అక్కడికి నాలుగడుగుల్లో ఉన్న బీసెంట్ రోడ్డు మీదే 1990లో ఒకసారి ఊగాను.

అప్పుడు మేం సత్యనారాయణపురం రైల్వే క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. ఇప్పుడు బస్సుల కోసమని వేసిన బీఆర్‌టీఎస్ రోడ్డు పోతున్నచోట ఆ రోజుల్లో రైలు పట్టాలు ఉండేవి. నాన్న రైల్వేలో గుమాస్తా. నేను ఏడో తరగతి. ఏడో తరగతికి అప్పట్లో పబ్లిక్ పరీక్ష ఉండేది కాబట్టి నాకంటే ఇంట్లో వాళ్ళకే టెన్షన్ ఎక్కువ. నా సైటు లెక్కల్లోనో సైన్సులోనో బయటపడలేదు. తెలుగులో బయటపడింది. పొడుగు పిల్లనని నన్ను వెనక బెంచీలో కూర్చోబెట్టారు. మాస్టారు బోర్డు మీద రాసింది నేను చూసి రాసుకుంటే, గుడులు, కొమ్ములు, దీర్ఘాలు అన్నీ ఉండేవి, అక్షరాల కింద ఒత్తులు మాత్రం ఉండేవి కావు. అమ్మ అమ అయ్యేది. ధర్మం దరం అయ్యేది. పద్యం కాస్తా పదం అయ్యేది. ద, ధ నా నోట్సులో ఒకటే.

తెలిసిన మాటలైతే ఊహించి ఒత్తులు నేనే పెట్టుకునేదాన్ని. పద్యాల్లో తెలియని మాటలు వస్తే ఏం చేయాలి? ఒకరోజు మాస్టారు నా నోట్సు తీసుకుని, చాలాసేపు పేజీలు తిప్పి, నన్ను నిలబెట్టి అదే పద్యం డిక్టేషన్ చెప్పారు. ఒక్క ఒత్తు పోకుండా రాశాను. "చెవులు బాగానే ఉన్నాయి. మీ నాన్నగారిని కళ్ళు చూపించమను" అన్నారు. తెలుగు మాస్టారు అంత శాస్త్రీయంగా రోగం కనిపెట్టడం ఇప్పటికీ నాకు అబ్బురమే. తర్వాత నేను కలిసిన కొందరు కళ్ళ డాక్టర్లు అంత శ్రద్ధ పెట్టలేదు.

డాక్టరుగారు ముందు చుక్కల మందు రాసిచ్చారు. పిల్లలు పరీక్ష చేసేటప్పుడు తెలియకుండానే కంటిని బిగిస్తారట, అందువల్ల ఉన్న పవర్ కంటే ఎక్కువ తేలుతుందట. ఆ బిగువు వదలడానికి చుక్కలు. అవి పడ్డాక కంటిపాప ఇంత పెద్దదైపోయి, జూన్ ఎండ సూటిగా లోపలికి దిగేది. పగలంతా వెనక గదిలో తలుపు వేసుకుని ఉండటం, ఎవరూ చదవమనకపోవడం. తమ్ముడు ఈర్ష్యతో తనకీ బోర్డు కనపడట్లేదని రెండు రోజులు ఏడ్చాడు.

మళ్ళీ వెళ్ళినప్పుడు పరీక్ష. గది చిన్నది, చార్టుకి ఉండాల్సిన ఆరు మీటర్ల దూరం లేదు. అందుకని చార్టుని నా తల వెనక గోడకి పెట్టి, ఎదురుగా అద్దంలో చదివించారు. అద్దంలో సరిగా కనపడాలని దాని మీద అక్షరాలు తిరగేసి రాసి ఉన్నాయి. ముక్కు మీద బరువైన గుండ్రటి ఇనప ఫ్రేము పెట్టి, అందులో అద్దాలు ఒక్కొక్కటీ జారవిడుస్తూ "ఇది బాగుందా? ఇది బాగుందా?" అని అడుగుతుంటే, సరైన జవాబు ఏదో డాక్టరుగారి మొహంలో వెతుక్కున్నాను. పక్కన నాన్న కూడా నా జవాబు కోసం ఊపిరి బిగబట్టి చూస్తున్నారు, అదేదో మార్కులు వేసే పరీక్ష అయినట్టు.

ఫ్రేము నాన్నే ఎంచారు. ముదురు గోధుమరంగు షెల్ ఫ్రేము. అందం గురించి ఎవరూ మాట్లాడలేదు, నన్ను అద్దంలో చూసుకోమని కూడా అనలేదు. నాన్న కాడలు రెండూ విప్పి, మడిచి, బల్ల మీద మెల్లగా తట్టి చూశారు. "టెన్త్ దాకా రావాలి" అన్నారు షాపు అతనితో. గాజు అద్దాలు. వాటి బరువుకి ముక్కుకి రెండు పక్కలా పడ్డ నొక్కులు నా పెళ్ళి ఫొటోల్లో కూడా కనపడతాయి.

బయటికి వచ్చి మొదటి అడుగు వేశాను. రోడ్డు దూరంగా వెళ్ళిపోయింది. మైనస్ అద్దం అన్నిటినీ కాస్త చిన్నవి చేసి చూపిస్తుంది, నా కాళ్ళతో సహా. దానికి తోడు సిలిండర్ పవర్. అది ఒక దిక్కుకి ఎక్కువగా, ఇంకో దిక్కుకి తక్కువగా పనిచేస్తుంది కాబట్టి సమంగా ఉన్న నేల ఒక పక్కకి ఒరిగి కనపడుతుంది. అప్పుడు ఇవేవీ ఎవరూ చెప్పలేదు. బీసెంట్ రోడ్డు మీద లేని గుంటలు దాటుకుంటూ, లేని మెట్లు ఎక్కుతూ నడిచాను. జనం నవ్వుతున్నారనుకుంటా. నాన్న ఏమీ అడగలేదు. నా రెక్క పట్టుకుని, నేను ఎక్కడ కాలెత్తితే అక్కడ తనూ ఆగుతూ వచ్చారు.

కాసేపటికి తలెత్తి చూశాను. ఆ తర్వాత కాళ్ళ సంగతి మర్చిపోయాను. రోడ్డుకి రెండు వైపులా బోర్డులు, బోర్డుల నిండా ఒత్తులు! వస్త్రాలయం అన్న మాటలో స కింద త, దాని పక్కన ర. రోడ్డు అవతలి నుంచి రెండూ విడివిడిగా కనపడ్డాయి. చెప్పులు, బట్టలు, స్వీట్లు, రెడీమేడ్ డ్రెస్సులు, ఏది కనపడితే అది పైకి చదవడం మొదలుపెట్టాను. నాన్న మొదట నవ్వారు. ఏలూరు రోడ్డు దాకా వచ్చేసరికి "ఇంక చాల్లేమ్మా, ఇంటికెళ్ళి చదువుకుందువు గానీ" అన్నారు.

కళ్ళజోడు గురించి మా క్వార్టర్స్‌లో ఒక్కొక్క ఇంట్లో ఒక్కొక్క తీరు. మా ఇంట్లో అది చదువుకునే పిల్లకి గుర్తు. మామ్మకి మాత్రం దిగులు పట్టుకుంది. "ఆడపిల్లకి జోడేమిట్రా, రేపు పెళ్ళిచూపుల్లో ఏం చెప్తాం?" అని నాన్నని సతాయించి, చివరికి ఆ కేసు తనే తీసుకుంది. వారానికి రెండుసార్లు పొన్నగంటి కూర. పెసరపప్పు వేసి చేసేది. మైనస్ పవర్ అంటే కంటి ఆకారానికి సంబంధించిన విషయం, కూరలతో తగ్గేది కాదు. పవర్ ఏటా పెరుగుతూనే పోయింది. అయినా ఆ కూర ఇప్పటికీ నాకు ఇష్టం, మామ్మ చేసినంత రుచిగా నాకు రాదు.

పక్క క్వార్టర్‌లో బాబాయిగారు గూడ్స్ డ్రైవరు. వాళ్ళింట్లో కళ్ళజోడు మాట ఎత్తేవాళ్ళు కాదు. రైలు నడిపేవాళ్ళకి కొన్నేళ్ళకోసారి మెడికల్ ఉంటుంది. దూరం చూపు, సిగ్నల్ రంగులు అన్నీ చూస్తారు. నిలబడకపోతే ఇంజన్ దిగాల్సిందే. ఉద్యోగం ఇంకోచోట ఇస్తారు, కానీ రన్నింగ్ అలవెన్స్ పోతుంది, ఇన్నేళ్ళ పేరూ పోతుంది. మెడికల్ దగ్గర పడిందంటే పిన్నిగారు దుర్గమ్మకి మొక్కుకునేవారు. ఆ వారమంతా వాళ్ళ పిల్లలు మా ఇంట్లోనే ఆడుకునేవాళ్ళు, బాబాయిగారు నిద్రపోవాలని. నేను కొత్త జోడుతో వాళ్ళ గుమ్మంలోకి వెళ్ళినప్పుడు ఆయన దాన్ని చేతిలోకి తీసుకున్నారు. పెట్టుకోలేదు. చెయ్యి చాచి దూరంగా పట్టుకుని, అద్దాల్లోంచి వీధి చివర చూసి, మళ్ళీ నాకే ఇచ్చేశారు. "బాగుంది తల్లీ, జాగ్రత్తగా వాడుకో" అన్నారు. పిన్నిగారు ఆ జోడు వైపు చూడనే లేదు.

బడిలో సంగతి చెప్పక్కర్లేదు. సోడాబుడ్డి. నా పవర్‌కి ఆ పేరు చాలా ఎక్కువ. సోడాబుడ్డి అనిపించుకోవాలంటే అద్దం ఇంకా మూడింతలు మందం ఉండాలి. ఆ పేరు పెట్టింది నా పక్క బెంచీ పిల్లే, నా ప్రాణ స్నేహితురాలు. ఆమె సంగతి చివర్లో చెప్తాను.

నాన్నకి దూరం చూపు చివరిదాకా బాగుండేది. పేపరు చదవడానికి మాత్రం చత్వారం జోడు. అది ముక్కు చివర పెట్టుకుని చదువుతుంటే, వెనక గదిలో తమ్ముడూ నేనూ కొట్టుకుంటున్నామనుకోండి, తల వంచి జోడు పైనుంచి చూసేవారు. నోరు మెదిపేవారు కాదు. ఆ చూపు చాలు, ఇద్దరం చప్పబడిపోయేవాళ్ళం. మా నాన్న కొట్టరు, తిట్టరు, పైనుంచి చూస్తారంతే అని బడిలో చెప్పుకునేవాళ్ళం కూడా. ఇప్పుడు అద్దాల సంగతి తెలిశాక అనిపిస్తోంది, పాపం ఆయనకి వేరే దారేముంది? చత్వారం అద్దం మూరెడు దూరానికే పనికొస్తుంది. దాంట్లోంచి గది అవతలి పిల్లల్ని చూస్తే ఎవరు ఎవర్ని కొడుతున్నారో తెలియదు. పైనుంచి చూడాల్సిందే. ఆ చూపులో సగం కోపం ఉంటే సగం అద్దాల మహిమ.

తర్వాత క్రిప్టాక్ వేయించుకున్నారు. పెద్ద అద్దంలో అడుగున గుండ్రటి బిళ్ళ ఉండే రకం. దాంతో పైనుంచి చూడాల్సిన అవసరం పోయింది. మామూలుగా, నిటారుగా చూసేవారు. తమ్ముడు ఇంటర్ క్లాసులు ఎగ్గొట్టి అలంకార్ థియేటర్ వైపు తిరగడం మొదలుపెట్టింది సరిగ్గా ఆ రోజుల్లోనే. రెండిటికీ సంబంధం ఉందని నా అనుమానం. గీత లేని ప్రోగ్రెసివ్ అద్దాలు ఫ్రాన్స్‌లో 1959లోనే వారిలక్స్ పేరుతో వచ్చాయని ఈమధ్యే చదివాను. నాన్న క్రిప్టాక్ వేయించుకునే నాటికే వాటికి ముప్ఫై ఏళ్ళు దాటాయి. మా క్వార్టర్స్‌లో వాటి పేరు విన్నవాళ్ళు లేరు.

ఇప్పటి జోడు దగ్గరికి వస్తాను. దీన్ని తెచ్చుకున్నాక అమ్మని తీసుకుని దుర్గ గుడికి వెళ్ళాను. అమ్మకి శుక్లాల ఆపరేషన్ అయింది, లోపల కొత్త లెన్సు. దూరం అద్దాల్లేకుండానే కనపడుతుంది. లిఫ్టు ఉందన్నా వినకుండా మెట్ల దారినే దిగుదామంది. కొండ మెట్లు మీకు తెలుసు కదా, మెట్ల పూజ చేసేవాళ్ళు మెట్టు మెట్టుకీ పసుపు రాసి కుంకుమ బొట్లు పెడతారు. నా అద్దాల అడుగుభాగం పుస్తకం దూరానికి చేసింది. మెట్టు ఉండేదేమో నిలువెత్తు కింద. ఆ భాగంలోంచి చూస్తే మెట్టు అంచు లేదు, పసుపు ఒకటే పరుచుకుని ఉంది, మధ్యలో ఎర్రటి మరకలు తేలుతున్నాయి. రెయిలింగ్ పట్టుకుని నిలబడిపోయాను. అమ్మ నాలుగు మెట్లు దిగి, వెనక్కి తిరిగి, మళ్ళీ పైకి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "గడ్డం దించవే. మెట్టుని పై అద్దంలోంచి చూడు. నాకు గీత అద్దాలు ఉన్నప్పుడు అలాగే దిగేదాన్ని" అంది. షాపు అబ్బాయి ఎంత చెప్పినా ఇంత పనికొచ్చే ముక్క చెప్పలేదు. పక్కన ఎవరో పెద్దావిడ, "ఎంత బాగా చూసుకుంటుందో కూతురు" అని నన్ను మెచ్చుకుంది. అమ్మ ఏమీ అనలేదు, నా చెయ్యి మాత్రం ఇంకాస్త గట్టిగా నొక్కింది.

ఇంకొకటి ఏ షాపులోనూ చెప్పరు. ఈ అద్దాలు ముక్కు మీద ఉండాల్సిన చోట ఉంటేనే పనిచేస్తాయి. కాస్త జారినా దూరం భాగం, మధ్య దారి, దగ్గరి భాగం అన్నీ కలిసి కిందకి దిగిపోతాయి. అది ఊటీలో అయితే సరే. బెజవాడలో, వేసవిలో నలభై అయిదు డిగ్రీలు తగిలే ఊళ్ళో, ముక్కు మీద చెమట పట్టకుండా ఎవరుంటారు? బస్టాండు నుంచి బ్యాంకు దాకా నడిచేసరికి నా కంప్యూటర్ దూరం పెదాల మీదకి వచ్చేస్తుంది. పైకి తోసుకుంటే బాగుంటుంది, నిమిషంలో మళ్ళీ దిగుతుంది. ఈ రకం కనిపెట్టినవాళ్ళని రోహిణి కార్తెలో ఒకసారి వన్‌టౌన్ అంతా నడిపించాల్సింది.

ఊగడం మెల్లగా తగ్గింది. నేల సర్దుకుంది, ఆటోలు నిటారు అయ్యాయి. చదవడం మాత్రం దారిలో పడలేదు. పుస్తకం పట్టుకుంటే ఎడమ కన్ను స్పష్టంగా, కుడి కన్ను మసగ్గా. గడ్డం బాగా పైకెత్తితే సరిపోయేది, మెడ పట్టేసేది. షాపుకి వెళ్తే అదే మాట, అలవాటైపోతుంది మేడమ్. ఇంకోసారి వెళ్తే, కొంతమందికి లేటవుతుంది మేడమ్. నాకు ఒళ్ళు మండింది. చిన్నప్పటి నుంచీ జోడు మీద జోడు మార్చినదాన్ని, ఏది అలవాటయ్యే తేడానో ఏది కాదో నాకు తెలియదా?

ఏలూరు రోడ్డు మీద ఒక పాత షాపు, పెద్దాయన ఒక్కరే కూర్చుంటారు. ఆయన నన్ను ఏమీ అడగకుండా జోడు తీసుకుని ట్యూబ్‌లైట్ వెలుగులో అటూ ఇటూ వంచారు. ప్రోగ్రెసివ్ అద్దం మీద రెండు పక్కలా కంటికి ఆనని సన్నటి గుర్తులు చెక్కి ఉంటాయట. వాటిని పట్టుకుని స్కెచ్ పెన్నుతో చుక్కలు పెట్టారు. వాటిని బట్టి కొలిచి, కంటిపాప ఉండాల్సిన చోట అద్దం మీద ఇంకో రెండు చుక్కలు. జోడు నా మొహానికి పెట్టి, తను స్టూలు మీద కూర్చుని నా కళ్ళకి ఎదురుగా తన కళ్ళు తెచ్చారు. "చూడండమ్మా, ఎడమది సరిగ్గా పాప మీద ఉంది. కుడిది కింద ఉంది. దీనికి మీరేం అలవాటు పడతారు?" అన్నారు. చుక్కలు తుడవకుండా అలాగే కొన్న షాపుకి తీసుకెళ్ళి చూపించమన్నారు, డబ్బులు తీసుకోలేదు. తీసుకెళ్ళి చూపించాను. ఈసారి అలవాటైపోతుంది మేడమ్ అన్న మాట రాలేదు. కుడి అద్దం మళ్ళీ చేయించి ఇచ్చారు. ముక్కు దగ్గర మెత్తటి ప్యాడ్లు ఉన్న ఫ్రేము కూడా అడిగి మార్పించుకున్నాను, చెమటకి అది కొంత నయం.

ఒక్క పుస్తకాల షాపుల్లోనే ఇబ్బంది మిగిలింది. పుస్తకం వీపు మీద పేరు నిలువుగా ఉంటుంది. తల పక్కకి వాల్చి చదవబోతే చూపు అద్దం పక్కల ఉన్న మసకలోకి పోతుంది. స్వరాజ్య మైదానంలో పుస్తకాల పండుగ జరిగే రోజుల్లో స్టాలు స్టాలుకీ తల వాల్చుకుని గంటలు గంటలు నడిచేదాన్ని. ఇప్పుడు ఆ మైదానంలో 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం ఉంది, పుస్తకాల పండుగ వేరే చోటికి మారింది, నేనేమో ప్రతి పుస్తకాన్నీ బయటికి లాగి అట్ట చూస్తున్నాను. దానివల్ల కొనాలనుకోనివి కూడా కొంటున్నాను.

మొన్న సోడాబుడ్డి పేరు పెట్టిన స్నేహితురాలు ఫోన్ చేసింది. ఇప్పుడు గుంటూరులో ఉంటోంది, బ్రాడీపేటలో. "ఒసేయ్, నాకు ప్రోగ్రెసివ్ రాశారే. నువ్వు వాడుతున్నావటగా, ఎలా ఉంది?" అంది. జన్మలో జోడు పెట్టుకోని మనిషి. నాకు తెలిసిందంతా చెప్పాను. కొన్నాళ్ళు స్కూటీ తీయొద్దన్నాను. మెట్లు దిగేటప్పుడు గడ్డం దించమన్నాను. రెండు కళ్ళూ ఒక్కొక్కటీ మూసుకుని చదివి చూడమని, తేడా ఉంటే అలవాటైపోతుందన్న మాట వినొద్దని, అద్దం మీద చుక్కలు పెట్టి చూపించమని గట్టిగా అడగమన్నాను. చాలాసేపు ఊఁ కొట్టింది.

"అవన్నీ సరే గానీ," అంది, "నా మొహానికి నల్ల ఫ్రేము బాగుంటుందా, గోధుమరంగుదా?"